మిరప పట్టా కింద గడ్డికట్టలు

మన పల్లెల్ని బాగుచేసింది రోడ్లూ కాదు, సెల్ టవర్లూ కాదు. గుండ్రటి గడ్డికట్టలు! ఈ మాట పూర్తి బాధ్యతతో, మా గేదె వినకుండా చెబుతున్నాను.

టౌన్లో, బ్రాడీపేటలాంటి చోట ప్యాకెట్ పాలు తాగేవాళ్లకి ఈ వస్తువు తెలియకపోవచ్చు. తప్పేం లేదు, చెబుతాను. కోత మిషన్ చేలో వదిలేసిన వరిగడ్డిని బేలర్ అనే ఇంకో మిషన్ మింగుతుంది. కడుపులో గిరగిరా తిప్పి, పురికొస చుట్టి, చిన్న డ్రమ్ములాంటి కట్టని వెనక నుంచి కిందికి వదులుతుంది. చూస్తుండగానే చేను ఖాళీ. ఇంతకన్నా నాగరికత ఏం కావాలి?

వెనకటి పద్ధతి తలుచుకుంటే సిగ్గేస్తుంది. గడ్డి ఇంటికి చేరగానే దొడ్లో గడ్డివామి వేయాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఈ రోజు నా వామికి వీధిలోవాళ్లు రావాలి, రేపు వాళ్ల వామికి నేను పోవాలి. ఒకడు పైకెక్కి తొక్కాలి, నలుగురు కింద నుంచి అందించాలి, మిగతావాళ్లు దూరంగా నిలబడి "ఒరేయ్, తూర్పుకి ఒరుగుతోంది" అని అరవాలి. అరిచినవాళ్లు కూడా మధ్యాహ్నం భోజనానికి కూర్చునేవాళ్లు. వాళ్లకి గోంగూర పచ్చడి మారు వడ్డించాలి! ఇంత వెట్టిచాకిరీ నుంచి మనల్ని విడిపించిన మిషన్‌కి సెంటర్లో విగ్రహం పెట్టొద్దా?

ఇప్పుడు ఎవర్నీ పిలవక్కర్లేదు. ట్రాక్టర్ వస్తుంది, కట్టల్ని దొడ్లో పడేస్తుంది, పోతుంది. పక్కింటి యలమందా నేనూ మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. తగాదా ఏమీ లేదు. మాట్లాడుకునే పని పడలేదు, అంతే.

ఉపయోగాలు ఒకటా రెండా? చుట్టం కూర్చుంటే అది సోఫా. నిలబెడితే పిల్లలకి వికెట్లు. మొన్న ఒక కట్ట మా దొడ్డి వాలులో దొర్లి, గేటు దాటి రోడ్డెక్కింది. మార్టూరు నుంచి గ్రానైట్ రాయి మోసుకొస్తున్న లారీ దాని కోసం ఆగి, దారిచ్చింది. నేను అడ్డం వెళితే ఆ లారీ ఏనాడైనా ఆగిందా?

ఇక నిల్వ సంగతి. మా మిరప రైతుల తెలివి ఇక్కడే బయటపడుతుంది. కట్టల కింద చెక్కలేవో వేసి నేలకి ఎత్తుగా పేర్చమనీ, గాలాడేట్టు కప్పమనీ బేలర్ డ్రైవర్ ఏదో చెప్పబోయాడు. నాకా చెప్పేది? ఇన్నేళ్లుగా కళ్లంలో మిరపకాయలు ఆరబోసినవాణ్ణి. పొద్దు వాలగానే కాయల్ని కుప్ప చేసి, టార్పాలిన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, మంచు లోపలికి పోకుండా కాపాడినవాణ్ణి. కాయకి పనికొచ్చిన పట్టా గడ్డికి పనికిరాదా? కట్టల్ని నేల మీదే పేర్చి, కళ్లంలోని ఆ పట్టానే తెచ్చి బిగించి కప్పాను. చీమ దూరే సందు లేదు.

మంచు లోపలికి పోలేదు. లోపలి చెమ్మ బయటికీ పోలేదు. కొన్నాళ్లకి పట్టా ఎత్తి చూస్తే, కట్టలు కింది సగం బూజు పట్టి ముక్కిపోయాయి. పై సగం మీద పట్టాకి అంటుకున్న మిరప పొడి రాలింది. అంటే పైన కారం, కింద పులుపు. హోటళ్లలో ఇలాంటివి అడిగి మరీ చేయించుకుంటారు. మా గేదె మాత్రం ఒక్కసారి వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుంది.

పశువుకి అభివృద్ధి అంత త్వరగా అర్థం కాదు. పైగా అది చూడిది, నెలలు నిండుతున్నాయి. మా ఆవిడ వెంకటరావమ్మ గాడి దగ్గర నిలబడి, "దాని డొక్కలు చూశారా మీరు? లోపల దూడ ఏం తిని బతుకుద్దండీ?" అంది. నేను చూడలేదు. చూడాలంటే భయమేసింది. అంతలో గోడ అవతల యలమంద గేదె కూడా తుమ్మింది. అతనూ మిరప రైతే మరి. గోడకి ఇటు నేను, అటు అతను, ఎవరి పట్టా వాళ్లు మళ్లీ జాగ్రత్తగా కప్పుకున్నాం.

మర్నాడు పొద్దున గుంజకి తెగిన పలుపు ఉంది, గేదె లేదు. వెతకడానికి బయల్దేరుతుండగా ఊరి చివర నుంచి మరియదాసు ఫోన్ చేశాడు. కాలవ కింద అతనికి అరెకరం వరి ఉంది. దారి లేక అందులోకి మిషన్ దిగదు. పాపం, ఇప్పటికీ కొడవళ్లతో కోయించి, చర్చిలో వాళ్లందర్నీ పిలుచుకుని వామి వేస్తాడు. అంత వెనకబడిన మనిషి.

"మీ గేదె మా వామి కాడుందండి," అన్నాడు. "తోలుకు రమ్మంటారా, తిననిమ్మంటారా?"

"తిననియ్యి," అన్నాను.

నేను వెళ్లేసరికి అది వామిలో మెడదాకా తల దూర్చి నములుతోంది. పక్కనే ఖాళీ గోతాం పట్టుకుని యలమంద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గోతాం వెనక్కి దాచబోయి, మానుకున్నాడు.

"ఏరా, నీదీ బూజేనా?" అన్నాడు.

"బూజే. పైన కారం కూడా," అన్నాను.

ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్లకి మాట్లాడుకున్నామో! ఈనేదాకా గేదెని అక్కడే కట్టేసుకోమన్నాడు మరియదాసు. మళ్లీ కోతలకి కాలవ కింది నా పొలం చెక్కలోకి మిషన్‌ని దించకుండా, కొడవళ్లతో కోయించి వామి వేద్దామనుకుంటున్నానని యలమందతో అన్నాను. అతను గోతాంలో గడ్డి కూరుకుంటూ, "వామి సరే, ఎవరొస్తార్రా వేయడానికి? అందరి దొడ్లలోనూ కట్టలేగా" అన్నాడు.

అందుకే ఇంత పొగిడిన గడ్డికట్టల్ని నేను పారేయడం లేదు. బూజు దులిపి ఎండలో పెట్టాను. మా వామికి వచ్చినవాళ్లు భోజనాల వేళ కూర్చోవడానికి పీటలు కావాలి కదా. గోంగూర పచ్చడి మారు వడ్డిస్తాం. పని రాకపోయినా ఫర్వాలేదు, దూరంగా నిలబడి తూర్పుకి ఒరుగుతోందని అరిస్తే చాలు. ఎవరైనా వస్తారా?