నలభై ఒకటో పేజీలో గొడుగు

ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ వేసుకున్న ప్రణాళిక చిన్నది. గ్రంథాలయానికి వెళ్ళాలి, ఫ్రాన్సులో జరిగే ప్రేమ నవలలు మూడు తెచ్చుకోవాలి, వాటితో దుప్పట్లో దూరాలి. మినెసోటాలో మంచు కరిగేదాకా ఆమె ఏటా ఫ్రాన్సులోనే కాపురం ఉంటుంది.

ఆ నవలలతో ఒక చిక్కుంది. అన్ని అట్టల మీదా ఒకే ఊదారంగు పూలతోట. ఏది చదివారో ఏది చదవలేదో తెలియదు. అందుకని ఆ ఊరి పెద్ద వయసు పాఠకురాళ్ళు, నియమవిరుద్ధమని తెలిసే, ముగించిన పుస్తకంలో పెన్సిలుతో తమ గుర్తు వేసుకుంటారు. ఒకావిడది పువ్వు, ఒకావిడది పిచ్చుక. ఆర్డిస్‌ది నలభై ఒకటో పేజీ అడుగున చిన్న గొడుగు.

ఆ రోజు తీసిన మొదటి పుస్తకంలో గొడుగు ఉంది. చదివిన గుర్తు మాత్రం లేదు. రెండోదానిలోనూ అంతే. గత నెలే వచ్చిన మూడోదానిలోనూ గొడుగే. ఆమె తర్కంలో లోపమేమీ లేదు: గుర్తు తనది, జ్ఞాపకం లేదు, కనుక పోయింది జ్ఞాపకమే.

ఇంటికి వచ్చి కారు తాళాలు భర్త ముందు పెట్టింది. "ఇవి నీ దగ్గరే ఉంచు, వెండెల్. నా బుర్ర పనైపోయింది."

గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టే గుడిసె నుంచి ఎప్పటిలాగే ఖాళీ బకెట్‌తో అప్పుడే వచ్చిన వెండెల్ తెల్లబోయాడు. "నీ బుర్రా? ముప్పయ్యేళ్ళ కిందట నేను మరిచిపోయిన పెళ్ళిరోజు ఇప్పటికీ అప్పజెప్తావు కదే!"

"పాతవి ఉంటాయట. కొత్తవే పోతాయట." గొడుగుల సంగతంతా చెప్పింది.

వెండెల్ ముఖం కందగడ్డ అయింది. "డాక్టరుదాకా ఎందుకులే..." అని నసిగాడు. దాంతో, తన జబ్బు అతనికి ముందే తెలిసి దాస్తున్నాడని ఆమెకు రూఢి అయింది.

మర్నాడు వెండెల్ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి పక్కనే కూర్చున్నాడు. యువ వైద్యురాలు హౌగీ, ఆర్డిస్ తెచ్చిన నవలను చేతిలోకి తీసుకుంది. "ఇందులో కథేమిటో చెప్పండి, తోచినంత."

"షికాగో అమ్మాయి. విడాకులు. నాయనమ్మ పల్లెలో బేకరీ రాసిపెట్టి పోయింది. పక్కనే ద్రాక్షతోట, దాని యజమానికి ఎప్పుడూ చిరాకే. వాన పడుతుంది, చిరాకు పోతుంది."

డాక్టరు అట్ట వెనుక చూసింది. "దాదాపు ఇదే! అయితే చదివారన్నమాట."

"లేదమ్మా, చదివిన గుర్తే లేదు."

"మరి కథెలా తెలిసింది?"

"అన్నీ ఇంతే కదా!"

డాక్టరు ఏదో రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. "నాకూ అంతుపట్టడం లేదు. పెద్దాసుపత్రికి రాస్తాను. అంతవరకూ మీరు కారు నడపకూడదు."

ఆర్డిస్ కళ్ళు నిండాయి. ఇక వెండెల్ ఆగలేకపోయాడు.

"బేకరీ కాదు, చీజ్ కొట్టు!"

ఇద్దరూ అతనివైపు తిరిగారు.

"బేకరీ అంతకుముందు దాంట్లో," అన్నాడు నేల చూస్తూ. "గ్రంథాలయంలో నీకోసమని చెప్పి తెచ్చుకునేవాణ్ణి. గుడిసెలో చదివేవాణ్ణి."

"నా గొడుగు?"

"చదివిందే మళ్ళీ తెచ్చుకోకుండా. కొత్త గుర్తేస్తే ఎవరిదని ఊరంతా ఆరా తీయరూ?"

"మరి ఈ శీతాకాలమంతా ఒక్క చేపైనా..."

"చేపలు పట్టే తీరికెక్కడిదే?"

ఆర్డిస్ చెయ్యి చాచింది. వెండెల్ తాళాలు అందులో పెట్టాడు.

మరుసటి గురువారం ఆమె తనే కారు నడుపుకుంటూ వెళ్ళి కొత్త నవల అడిగితే, దానికోసం వేచి ఉన్నవారిలో ఆమెది మూడో పేరని తేలింది. మొదటిది వెండెల్‌ది, రెండోది డాక్టర్ హౌగీది.