అరచేతి స్టిక్కరుపై చెవుల టీచరు దిగ్విజయము

మధ్యాహ్న మార్తాండుడు కిటికీ అద్దములపై నిప్పులు చెరుగుచుండ, ఏసీ యంత్రము చల్లదనము తప్ప సమస్తమును వెదజల్లుచు గుర్రుపెట్టుచుండ, భోజనానంతర నిద్రాదేవి సభాసదుల కనురెప్పలపై దండయాత్ర సాగించుచుండ, దాతలవారి కార్యాలయమున మూడవ అంతస్తునందు, పుచ్చుకొన్న సొమ్మును నిబంధనానుసారముగ వెచ్చించు విద్యను నేర్పు మహాసభ జరుగుచుండెను. అందు చెలరేగిన ఘోరసంగ్రామమును చెవులార వినుడు.

గోడవార బల్లయొద్ద కూర్చున్న వీరవనితకు చెవుల టీచరని పేరు. వినబడని పిల్లల బడి నడుపు ఆ ధీర, దాతల సొమ్ముతో మొదటి విడత చెవి మిషనులు కొని పిల్లలకు పెట్టెను. పెట్టుట బాగుగనే యుండెను గాని, వానిపై దాతలవారి గుర్తు గల స్టిక్కరు అతికింపదాయెను. ఆ మహాపాతకమునకు శిక్షగా రెండవ విడత మిషనులు ఈ భవనముననే ఉక్కు బీరువాలో బందీలై యుండెను. నేడు స్టిక్కరు విద్యలో గట్టెక్కినగాని విడుదల లేదు. అచట బడిలోనో, అమ్మ పిలుపు ఎట్లుండునో యెరుగని పసివాండ్రు ఎదురుచూచుచుండిరి. ఆమెకు దిగులంతయు వారిని గురించియే.

అంతట కంఠమున టై వ్రేలాడ, హస్తమున ఎర్రదీపపు కలము మెరయ, సకలనిబంధనాపారంగతుడగు నిబంధనల సారు వేదికనెక్కెను.

“చూడండి, చాలా సింపుల్. దాతల డబ్బుతో కొన్న ప్రతి వస్తువు మీదా స్టిక్కరుండాలి. సైజు అరచేతికి తగ్గకూడదు. వస్తువు వాడుతుండగా స్టిక్కరు కనపడేలా ఫోటో తీసి పంపాలి. అంతే!” అని మేఘగంభీరముగ గర్జించెను.

కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని పెద్దలు చెప్పిరి. ఈ దాతలకు ఎడమచేయి చాలదు, దారినపోవువానికి గూడ తెలియవలెను.

నమూనాకు ఎవరి వస్తువు వారు తేవలెనని ఆజ్ఞ యగుటచే, చెవుల టీచరు మొదటి విడత మిషనొకటి తెచ్చెను. ప్రక్క కుర్చీలోని బోరింగు బాబాయి, ఊరూర చేతిపంపులు వేయించు మహానుభావుడు, ఏకముగ ఒక పంపు తలకాయనే భుజాన మోసికొని వచ్చెను. దానికి స్టిక్కరు టపీమని అతికించి ఆయన జాలిగ చూచెను.

“మాకేం బాధ లేదమ్మా, పంపుకి కావలసినంత వీపుంది. నీ మిషను చూస్తే చిక్కుడు గింజంత. దీనికి అరచెయ్యంత స్టిక్కరెలా తొడుగుతావే తల్లీ?”

“అదే కదా బాబాయ్ నా ఏడుపు!”

అంతలో సమరశంఖము మ్రోగెను, అనగా సారు గట్టిగ తుమ్మెను. చెవుల టీచరు స్టిక్కరును చేపట్టి, వెనుక కాగితమును ఊడదీయుటకై బొటనవ్రేలి గోటిని కరవాలముగ ఝళిపించి, అంచున పొడిచి, మూలను గీకి, నడుమ మడిచి చూచెను. కాగితము చలింపదు. “ఓరీ స్టిక్కరాధమా! బాలహితవిరోధీ! నిన్ను తుత్తునియలు గావింపక విడుతునా!” అని మనంబున ప్రతిన పూనెను, పైకి మాత్రము “ఛీ, చచ్చింది ఊడదేంటి!” అని విసుగుకొనెను. గోరు విరిగెను. పంటితో పట్టి లాగగా కాగితము వచ్చెను గాని స్టిక్కరు మోచేతికి అంటెను. అచటినుండి పీకగా బాబాయి కళ్ళజోడును పట్టుకొనెను. తుదకు మిషనుపై బడి దానిని ఆపాదమస్తకము మింగెను. గొంగళి కప్పిన చీమ ఎట్లగపడునో మిషను అట్లగపడెను.

“సార్, అతికించాను.”

“గుడ్! మరి వాడుతున్న ఫోటో ఏది?”

“పిల్లలు బళ్ళో ఉన్నారు. మీరే పెట్టుకోండి సార్.”

సభ ఒక్కసారిగ నిద్రలేచెను. “పెట్టుకోండి సార్, నిబంధన నిబంధనే కదా!” అని బాబాయి అగ్నిలో ఆజ్యము పోసెను. రణమున వెన్నుచూపుట వీరధర్మము కాదు గనుక సారు చెవినొగ్గెను. ఆమె మిషను తొడుగగా స్టిక్కరు చెంపను, చెవిని, జుట్టును గాఢాలింగనము చేసికొనెను. బాబాయి ఫోన్‌తో ఫోటో తీసి సారు కన్నుల ముందుంచెను.

సారు మొగము కందగడ్డ యయ్యెను. “ఇదేంటండీ, నన్నెవరో కొనుక్కున్నట్టుంది!”

“మా పిల్లలకీ అలాగే ఉంటుంది సార్. వాళ్ళకి వినపడదు గానీ కళ్ళు బాగానే కనపడతాయి. తోటిపిల్లలు ఎలా చూస్తున్నారో వాళ్ళకి తెలిసిపోతుంది. అందుకే అతికించలేదు.”

సారు స్టిక్కరును ఒక్కపెట్టున పెరికెను. చెవిపై వెండ్రుకలు సమూలముగ నేలగూలెను. ఆర్తనాదము రెండవ అంతస్తువరకు దిగెను. కన్నీరు తుడిచికొని నిబంధనల పుస్తకము తిరుగవేసెను. అందు ఏ దారియు లేదు. జీవితమున మొదటిసారి ఆయన సొంతబుద్ధిని ప్రయోగించెను.

“డబ్బా మీద అతికించండి. ఫోటో డబ్బాదే పంపండి. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను.” అంతలో భయము వేసి, “కానీ రెండు వైపులా అతికించాలి!” అనెను.

“నాలుగు వైపులా అతికిస్తాను సార్, బీరువా తియ్యండి.”

ఇట్లు విరిగిన గోటితో, చిక్కుడు గింజంత విజయమును చేకొని, చెవుల టీచరు మిషనుల సంచిని గుండెకు హత్తుకొని ఏడ్చుచు నవ్వుచు మెట్లు దిగెను. దాతలవారి కీర్తి అట్టడబ్బాలపై ఆచంద్రార్కము వెలుగుగాక! పిల్లల చెవులు మాత్రము పిల్లలవే.