అరచేత్తో తీసిన తలుపు

పదింటికి ఇంటర్వ్యూ. ఎనిమిదిన్నరకి ఆమె స్నానాల గదిలో ఇరుక్కుపోయింది. వానకి ఉబ్బిన తలుపు ఎంత లాగినా లోపలికి రాలేదు.

"రెండేళ్లుగా ఎదురుచూసిన ఉద్యోగమండీ! బద్దలు కొట్టెయ్యండి!" అని లోపలినుంచి అరిచింది.

ఆమె భర్త కార్ఖానాలో ప్రెస్సు ఫిట్టరు. బద్దలు కొట్టడం ఫిట్టరుకి నామోషీ. రెండు చెక్క పట్టీలను మడత బందుతో కలిపి, మోకాలు వంచినట్టు ద్వారబంధానికి అడ్డంగా ఇరికించాడు.

"ఇదేంటి అల్లుడూ?" అన్నారు మామగారు. ఆయన జీవితమంతా వడ్రంగం చేసినవారు.

"వంగినప్పుడు దీనికి బలముండదు మామయ్యగారూ. నిటారుకి వచ్చేకొద్దీ నేను అరచేత్తో నొక్కిందే రెండు పక్కలా టన్నుల్లో తన్నుతుంది. మా ప్రెస్సులో ఇనుమే వంగుతుంది."

"ఇది ఇనుము కాదు, ఇల్లు."

"మీరెళ్లి మీ అమ్మాయి సర్టిఫికెట్లు తియ్యండి."

మామగారు పక్కనే ఉన్న పడకగదిలోకి వెళ్లి, కాగితాలు గాలికి ఎగరకుండా తలుపు వేసుకున్నారు.

ఫిట్టరు నొక్కాడు. ద్వారబంధం మూలిగి ఎడంగా జరిగింది. తలుపు వదులైంది. అక్కడితో ఆగాలి. కానీ కార్ఖానాలో బిగించిన సరుకు జారకుండా, పట్టీలను నిటారు దాటించి వేలెడు అవతలికి నొక్కడం అలవాటు. చెయ్యి ఊరుకోలేదు. టక్కుమంది. ఇక ఇటునుంచి లాగితే రాదు.

ఆమె పట్టీల కిందనుంచి వంగి బయటపడింది. "నా సర్టిఫికెట్లేవీ?"

"నా దగ్గరే ఉన్నాయమ్మా! నేనే మీ దగ్గర లేను!" అని పడకగదిలోంచి మామగారి గొంతు వినిపించింది. రెండు గదుల మధ్య ఉన్నది జానెడు గోడ. ఇటు ద్వారబంధం ఎడంగా జరిగినంతా అటు తలుపు బిగుసుకుంది.

"తొమ్మిదిన్నర అయిందండీ! పీకెయ్యండి దాన్ని!"

"లోపలి వైపునుంచి కొట్టాలి. క్షణంలో వస్తా," అంటూ అతను సుత్తితో స్నానాల గదిలోకి దూరాడు. రెండు దెబ్బలకి పట్టీలు ఎగిరి నడవలో పడ్డాయి. పడకగది తలుపు తెరుచుకుంది. ఆ అదురుకే స్నానాల గది తలుపు దభీమని మూసుకుంది. బిగుసుకుంది కూడా.

ఆమె ఫైలు లాక్కుని చెప్పులేసుకుంది. "వెళ్లొస్తానండీ!"

"మరి నా సంగతి?"

జవాబు మామగారిది. "మీ యంత్రం బయటుంది, అది తెలిసినవారు లోపలున్నారు. నాలాంటి వడ్రంగికేం అర్థమవుతుంది అల్లుడుగారూ?" అని, పత్రిక తెరిచి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు.

ఆమెకి ఉద్యోగం వచ్చింది. మర్నాడు ఫిట్టరు నిన్నటి రోజుకి సెలవు చీటీ ఇచ్చాడు. కారణం గడి ఖాళీగా వదిలేశాడు.