గుండె ఆగినా ఆగని పరుగు

ఆదివారం పరుగుపందెం. బుధవారం తెల్లవారుజామునే లేచి ఎప్పటిలాగే పరుగెత్తి రావాలన్నది లైబ్రేరియన్ ఉద్దేశం. కాళ్లు మాత్రం మంచం దిగనన్నాయి. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. నాలుగు రోజులు పడుకుంటే తగ్గుతుందని అతనికీ తెలుసు. కానీ జట్టును నడిపే డ్రిల్లు మాస్టారి నియమం కఠినం: ఒక్కరోజు మానినా జట్టులో చోటు లేదు. ఎవరెంత పరుగెత్తారో చేతివాచీలే ఆయన ఫోనుకు చెప్పేస్తాయి. పుట్టి బుద్ధెరిగాక ఏ ఆటలోనూ ఎవరూ చేర్చుకోని మనిషికి ఆ చోటు ప్రాణంతో సమానం.

అందుకే వాచీని ఫ్యాను రెక్కకు కట్టి, ఫ్యానును ఒకటి మీద పెట్టి, ఫోను నోరు నొక్కేసి, నిండా దుప్పటి కప్పుకున్నాడు. కాసేపటికి భార్య వచ్చి, దోమలున్నాయని చీకట్లోనే ఫ్యానును అయిదుకు తిప్పి వెళ్లింది.

అదే వీధిలో మాస్టారు ఫోను చూసి బిగుసుకుపోయారు. వెంటనే జట్టులోనే ఉన్న లైబ్రేరియన్ బావమరిదిని పిలిచారు.

"మీ బావ గుర్రంలా పరిగెడుతున్నాడయ్యా! గుండె మాత్రం కొట్టుకోవట్లేదు!"

ఇద్దరూ పొగమంచులో వెతికారు. వీధిలో పురుగు లేదు. ఫోనులో మాత్రం అతను వాళ్ల పక్కనుంచే పరుగెత్తుతున్నాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మేడ మీదున్న అతని ఇంటికి చేరారు.

భార్య తలుపు తీసి పెదవులపై వేలుంచింది. "మెల్లగా! ఇన్నాళ్లకి విశ్రాంతి దొరికింది ఆయనకి. పిలిచినా పలకట్లేదు."

"అక్కా... ఎప్పట్నుంచి?"

"తెల్లారగట్ల నుంచి. పోనీలేరా, ఇక ఆ కాళ్లకి నొప్పులుండవు. కూర్చోండి, పాలు పొంగుతున్నాయి."

ఆ ప్రశాంతత చూసి ఇద్దరూ గోడ పట్టుకుని పడకగదిలోకి నడిచారు.

దుప్పటి కింద లైబ్రేరియన్‌కు సగం మెలకువ వచ్చింది. గదిలో ఎవరో వెక్కుతున్నారు. పైన టక్ టక్‌మని ఏదో కొట్టుకుంటోంది.

"బంగారంలాంటి మనిషి. నేనే పొట్టన పెట్టుకున్నాను," అంటోంది మాస్టారి గొంతు.

ఎవరో పాపం, అనుకున్నాడు అతను. దుప్పటితో సహా లేచి కూర్చున్నాడు.

"ఎవరు పోయారు మాస్టారూ?"

ఇద్దరూ ఒక్క కేక పెట్టి బయటపడ్డారు. "ఆగండి, నేనే!" అంటూ అతను వెంటపడ్డాడు. ఆ మాటతో వాళ్ల వేగం రెట్టింపైంది.

మెట్ల మలుపులో మాస్టారు కూలబడి దండం పెట్టేశారు. "నన్నేం చెయ్యకయ్యా! నిన్ను తరిమి తరిమి పరిగెత్తించాను కానీ, పది రోజులుగా నేనే పరిగెత్తట్లేదు. మోకాలు లేవట్లేదు. నా వాచీ కుక్క మెడకుంది."

"నాది పాలవాడి సైకిలుకుంది బావా," అన్నాడు బావమరిది గోడకు అతుక్కుపోయి.

లైబ్రేరియన్ దుప్పటి దించి ముఖం చూపించాడు. ఫ్యాను సంగతి చెప్పాడు. అతని చేయి పట్టి నాడి చూశాక గానీ మాస్టారికి ఊపిరి అందలేదు. తన చోటు ఎక్కడికీ పోలేదని తెలిసి లైబ్రేరియన్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. ముగ్గురూ కాళ్లు చాపుకుని, ఎండెక్కేదాకా ఆ మెట్ల మీదే కూర్చున్నారు.

చాలా రోజుల తర్వాత ఆ జట్టు నిజాయితీగా చేసిన సాధన అదొక్కటే.