సన్యాసిరాజుకు థైరాయిడ్ చేసిన మేలు

థైరాయిడ్ మందగించడాన్ని జబ్బు అనేవాళ్లకు లోకం తెలియదు. మెడలోని ఆ చిన్న గ్రంథి కాస్త బద్ధకిస్తే మగవాడికి ఎంత మర్యాద దక్కుతుందో చూడాలంటే గోపాలపట్నంలో సన్యాసిరాజు ఇంటికి వెళ్లాలి.

సన్యాసిరాజు పోర్టులో లారీలు తూచే వేబ్రిడ్జి ఆపరేటర్. పోయిన అక్టోబరులో డ్యూటీ కుర్చీలోనే కునుకు తీయడం మొదలుపెట్టాడు. ఎనిమిది కిలోలు పెరిగాడు. ఒక సోమవారం పొద్దున నీరసంగా ఉందన్నాడు. శనివారానికల్లా రక్తపరీక్ష, స్పెషలిస్టు, ప్లాస్టిక్ ఫైలు అన్నీ అమరిపోయాయి. థైరాయిడ్ ఎంత మందగిస్తే అంత పెరిగే టీఎస్‌హెచ్ అనే అంకె ఐదు లోపు ఉండాలట. అతనికి పద్నాలుగు!

అంతే, పేరులో ఉన్న రాజరికం ఇంట్లోకి వచ్చేసింది. గ్యాస్ బండ మార్చడం, చెత్త బండికి ఎదురెళ్లడం భార్య ధనలక్ష్మికి బదిలీ అయ్యాయి. పట్టపగలు గుర్రు పెడితే బద్ధకం అన్న చుట్టాలే, పాపం థైరాయిడ్ అంటూ తలుపు దగ్గరగా వేశారు. ఏ ప్రమోషన్ ఇస్తుంది చెప్పండి ఇంత సుఖం? తోటి ఆపరేటర్ ఎల్లాజీ ఒక్కడే, అది ఆడోళ్లకి కదా బావా వచ్చేది అని కాస్త చిన్నబుచ్చాడు.

డాక్టరు యాభై మైక్రోగ్రాముల మాత్ర రాశాడు. సన్యాసిరాజు దాన్ని రోజూ వేడి వేడి టీతో మింగేవాడు. ఆరు వారాలైనా అంకె పెద్దగా దిగలేదు. డోసు డెబ్బై అయిదు అయింది. ఇంకో ఆరు వారాలకూ అదే తంతు. డోసుతో పాటు ఇంట్లో హోదా కూడా పెరుగుతోంది కాబట్టి అతనికేమీ బెంగ లేదు.

అప్పుడే క్లినిక్ వరండాలో విమలమ్మ కలిసింది. రిటైరైన నర్సు. ఇదే జబ్బులో పదిహేనేళ్ల సీనియారిటీ. అతని ఫైలు అడిగి తీసుకుని తిరగేసింది.

"మాత్ర దేంతో ఏత్తన్నావు బాబూ?"

"టీతోనండి."

"మరింకేటి పనిసేత్తాది? పరగడుపున నీళ్లతో ఏసుకో. గంటదాకా ఇంకేటీ తాగకు. ఈ మాట లోపల డాక్టరుగారికి సెప్పు."

చెప్పలేదు. టీ సంగతి ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. వందకి పెంచి రాయించుకుని బయటికొచ్చాడు. మర్నాటినుంచి బుద్ధిగా నీళ్లతో వేసుకున్నాడు. మూడు వారాలు తిరక్కుండానే గుండె దడ, చేతుల వణుకు! లారీ బరువు రాయబోతే పెన్ను నిలవలేదు. ఇక లాభం లేదని ధనలక్ష్మే అతన్ని ఆటోలో తీసుకెళ్లి, టీ కథంతా డాక్టరుకు విప్పి చెప్పింది. డోసు మళ్లీ డెబ్బై అయిదుకి దిగింది. రెండు నెలలకు టీఎస్‌హెచ్ మూడు. డోసు కుదిరింది.

ఆ రిపోర్టు చూపించడానికి మే నెలలో భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. వరండాలో జనం అట్టలతో విసురుకుంటున్నారు. ధనలక్ష్మి మాత్రం ఫ్యాను గాలికి ఎడంగా, కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. పక్కనే ఉన్న విమలమ్మ ఆమె ఉబ్బిన మొహాన్ని, పలచబడిన కనుబొమల్ని కాసేపు చూసింది.

"నీ అంకెంతమ్మా?"

"నాకేటీ లేదండి. ఊరికే అలిసిపోతన్నాను," అంది ధనలక్ష్మి బొంగురు గొంతుతో.

విమలమ్మ లేచింది. చెయ్యి పట్టుకుని ఆమెను రక్తం తీసే గదికి నడిపించుకుపోయింది. సన్యాసిరాజు తన ఫైలు పట్టుకుని వెనకాలే వెళ్లాడు.

మర్నాడు ధనలక్ష్మి రిపోర్టు వచ్చింది. అరవై రెండు. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని ఆ అంకె మళ్లీ చూశాడు. నీరసం ఎప్పటినుంచి అని అడిగాడు.

"ఈ మధ్యేనండి," అన్నాడు సన్యాసిరాజు.

"ఆరేళ్లండి," అంది ధనలక్ష్మి. "ఈయనతో సెప్పేను. రాత్రి సీరియళ్లు మానేత్తే ఓపిక అదే వత్తాదన్నారు."