పాల క్యాన్లలో ఊరి గొంతు

ఊళ్ళో పెద్దవాళ్ళందరి గొంతులూ పదిహేనో తారీకున పాల క్యాన్లలో పట్టి హైదరాబాదు పంపిస్తున్నారట, గాయని వకుళకి గొంతు చాలటం లేదట, అని ఎదురింటి చినమ్మి పాల కేంద్రం దగ్గర విని వచ్చి పారమ్మకి చెప్పింది. చినమ్మి మాటల్లో సగం నమ్మదగ్గవి కావు. ఆ మధ్య మంచినీళ్ళ ట్యాంకులో మొసలి పడిందని చెప్పి రెండ్రోజులు ఉలవలవలస ఊరు మొత్తానికి స్నానాలు మాన్పించింది. ఈ కబురులో మాత్రం తప్పు ఒక్కటే. తారీకు పదిహేను కాదు, పద్నాలుగు.

పారమ్మకి ఒళ్ళు మండింది. గొంతులు పట్టుకెళ్తున్నందుకు కాదు, సొంత మొగుడు మొదలెట్టిన పని ఎదురింటామె నోటి వెంట వినాల్సొచ్చినందుకు.

ఆ మొగుడు తవిటినాయుడు. ఊళ్ళో వకుళ అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఆటో నడుపుతాడు. రోడ్డు మలుపులో నిలబడి "పార్తీపురం, పార్తీపురం, ఒక్కరే, ఒక్కరే!" అని పిలిచాడంటే ఆ చివరి 'రే' గాల్లోకి లేచి, అరటితోట దాటి, అవతలి ఊళ్ళో చీర కట్టుకుంటున్న మనిషిని కూడా పరిగెత్తించుకొచ్చేది. ఆటోలో వకుళ పాట తప్ప ఇంకోటి మోగదు. పాట పెట్టకపోతే బండి స్టార్టవదని అతని నమ్మకం. మెకానిక్కు రెండుసార్లు విప్పి చూసి, నిజమేనని ఒప్పుకున్నాడు.

ఆ వకుళ కొత్త ఆల్బం 'ఏడో ఊయల' విడుదలైన తరవాత ఆదివారం పేపర్లో శేషశయనం అనే ఆయన సమీక్ష రాశాడు. అయిదు నక్షత్రాలకి రెండిచ్చాడు. ఆయన రాసింది ఇదీ: "ఈ పాటలకి ఒక ఊరి గొంతు కావాలి. ఈవిడ దగ్గర ఒక మనిషి గొంతు కూడా మిగల్లేదు."

ఆ పొద్దే సంఘం రచ్చబండ మీద కూడింది. పాల కేంద్రం నడిపే జగ్గునాయుడు అప్పటికే దిష్టిబొమ్మకి గడ్డి, పాత లుంగీ సిద్ధం చేసుకొచ్చాడు. తవిటినాయుడు పేపరు నాలుగుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"గడ్డి గేదెకెయ్యి" అన్నాడు.

"అదేటి బావా! రెండు నచ్చత్రాలిచ్చినోడిని ఒగ్గేస్తావా?"

"తిట్టినోడైతే తిట్టి ఊరుకుంటాడు. ఈయన ఏటి తక్కువైందో లెక్క కట్టి మరీ సెప్పినాడు. ఒక ఊరి గొంతు కావాలన్నాడు. మనది ఊరు కాదేటి?"

జగ్గునాయుడు ఊరిని ఒకసారి చుట్టూ చూశాడు. ఊరిలాగే ఉంది.

మర్నాడు గ్రామ సచివాలయానికి వెళ్తే, కంప్యూటర్ దగ్గర కూర్చునే హేమలత ఆశ్చర్యపోలేదు. ఆమెది పక్క మండలం, రోజూ స్కూటీ మీద వచ్చి వెళ్తుంది. సేవల జాబితా కిందికి జరిపి, ఇంటిపన్నులో పేరు మార్పుకీ పెంపుడు కుక్కల నమోదుకీ మధ్య గొంతు బదలాయింపు చూపించింది. జిల్లాలో ఇంకో తొమ్మిది ఊళ్ళు ఇదే పని మీద దరఖాస్తు చేశాయనీ, ముందు పూర్తి చేసిన ఊరికే అవకాశమనీ చెప్పింది. ఊరు అనగా వోటర్ల జాబితాలో ఉన్న అందరూ. ఉలవలవలసకి మూడు వందల పన్నెండు మంది. ఒక్కరు తగ్గినా దాన్ని ఊరు అనరు, జనం అంటారు. జనం గొంతు తీసుకోరు. పిల్లలకి వోటు లేదు కాబట్టి వాళ్ళ గొంతు లెక్కలోకి రాదు.

"మళ్ళీ ఎప్పుడిస్తారు?" అనడిగాడు తవిటినాయుడు.

"తొంభై రోజులయ్యాక ఎవరి గొంతు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చండీ. ఎవరికి వాళ్ళే స్వయంగా వచ్చి, నోటితో అడగాలి."

"గొంతు లేకుండా నోటితో ఎలగ అడుగుతారమ్మా?"

హేమలత తెర మీద మొత్తం చదివింది. "దాని గురించి ఏం రాయలేదండీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా" అంది.

ఎవరూ అడగలేదంటే ఎవరికీ ఇబ్బంది కలగలేదనే కదా అర్థం అనుకుని తవిటినాయుడు సంతకం పెట్టేశాడు.

ఊళ్ళో ఏదైనా పట్టి, కొలిచి, చల్లగా దాచి, బండికెక్కించే ఏర్పాటు పాల కేంద్రానికే ఉంది. కాబట్టి గొంతులూ అక్కడే పట్టారు. పద్నాలుగో తారీకు పొద్దున్న పాలు పోయించుకోవడం అయ్యాక క్యాన్లు వేణ్ణీళ్ళతో కడిగి బోర్లించారు. జనం పాల వరసలోనే నిలబడ్డారు. ఒక్కొక్కరూ క్యాను మూతి మీదికి వంగి, లోపలున్న ఊపిరంతా అయిపోయేదాకా "ఆ..." అనాలి. చివర్న శబ్దం సన్నబడి దారంలా తెగుతుంది. తెగగానే జగ్గునాయుడు మూత పెట్టేసేవాడు. గరిటెతో కొంచెం తీసి యంత్రంలో పోస్తే వెన్న శాతం పడేది, చీటీ వచ్చేది.

అందరికంటే ముందు వంగినవాడు తవిటినాయుడు. ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. అంత చిక్కటి సరుకు మేలుజాతి గేదెకి కూడా రాదని జగ్గునాయుడు అందరికీ చీటీ ఎత్తి చూపించాడు. సర్పంచికి ఒకటిన్నర వచ్చింది. ఎన్నికలప్పుడే వెన్న తీసేశారులే అన్నారెవరో వెనక నుంచి. అన్నవాడి వంతు కూడా వచ్చేసింది గనక ఆ నవ్వు అక్కడితో ఆగిపోయింది. చినమ్మి గొంతు రెండు క్యాన్లు నిండింది.

మధ్యాన్నానికి మూడు వందల పది చీటీలు వచ్చాయి. మిగిలింది ఇద్దరే, మూతలు పెడుతున్న జగ్గునాయుడు, పారమ్మ.

జగ్గునాయుడు, తనది ఇచ్చే ముందు, పారమ్మ ఇంటికెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక తవిటినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను మాట్లాడే స్థితి దాటిపోయి అప్పటికి మూడు గంటలైంది.

"ఒక్క నిమిషం పని అప్పా. నొప్పుండదు."

"నానివ్వను" అంది పారమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ.

"ఊరంతా ఇచ్చింది కదే."

"అందుకే ఇవ్వను. ఇరవై రెండో తారీకున కొండ మీటింగుంది. మరిసిపోనారేటి?"

మరిచిపోలేదు. ఊరి వెనకున్న ఎర్రకొండని రాళ్ళ కంపెనీకి ఇవ్వడానికి ఇరవై రెండున అధికారులు వచ్చి ప్రజాభిప్రాయం తీసుకుంటారని మూడు నెలలుగా గోడ మీద కాయితం ఉంది. ఉలవలవలస తాగేదీ, తడిపేదీ ఆ కొండ మీంచి దిగే గెడ్డ నీళ్ళే. ఆ కాయితంలో షరతు కూడా ఉంది. అభ్యంతరాలు నోటితోనే చెప్పాలి, రాసి ఇస్తే తీసుకోరు, చెప్పనివాళ్ళు ఒప్పుకున్నట్టు లెక్క. మీటింగు ముందు, రికార్డింగు ఆ తరవాత ఉంటే బాగుండేదని తవిటినాయుడికీ తెలుసు. కానీ స్టూడియో పదహారుకి దొరికింది. కొండ ఎక్కడికి పోతుంది, లక్షల ఏళ్ళుగా అక్కడే ఉంది. వకుళకి రెండు నక్షత్రాలు పడి అప్పటికి తొమ్మిది రోజులు. ఏది ముందో చెప్పడానికి అతనికి పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది.

అతను రెండు చేతులూ జోడించాడు. పదిహేడేళ్ళ కాపరంలో పెళ్ళాం ముందు అలా నిలబడటం అదే మొదటిసారి.

"ఎల్లు మావా" అంది పారమ్మ. "కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను."

తవిటినాయుడు వెనక్కి వచ్చి పాల కేంద్రం అరుగు మీద కూర్చున్నాడు. జగ్గునాయుడు కాసేపు క్యాన్ల వైపు, కాసేపు అతని వైపు చూశాడు. తరవాత లోపలికెళ్ళి, ఒక క్యాను తగ్గినప్పుడు రోజూ ఏం చేస్తాడో అదే చేశాడు. కొళాయి తిప్పి చెంబుడు నీళ్ళు కలిపాడు. పారమ్మ పేరున మూడు వందల పన్నెండో చీటీ రాసి, తనూ క్యాను మీదికి వంగాడు. హేమలత చీటీలు లెక్కపెట్టుకుని టిక్కు పెట్టింది. నాలుగింటికి వ్యాను కదిలింది.

ఊరు చల్లబడింది. కుళాయి దగ్గర బిందెల చప్పుడే తప్ప తగువు వినబడలేదు. మొగుడూ పెళ్ళాలు చేతులతో తిట్టుకోవాల్సి రావడంతో చేతుల్లో పనున్న వాళ్ళు తిట్టుకోవడమే మానేశారు. తవిటినాయుడు ఆటో ముందు నిలబడి అట్ట మీద 'ఒక్కరే' అని రాసి ఎత్తి పట్టుకునేవాడు. అటుగా చూసినవాళ్ళే ఎక్కేవారు. అతనికి దిగులనిపించలేదు. పనికొచ్చే చోటికి పోయిందనుకున్నాడు.

ఇరవయ్యో తారీకున 'ఏడో ఊయల' మళ్ళీ పాడిన ఆల్బం బయటికొచ్చింది. అయిదో పాటలో రెండో చరణం చివర, వకుళ గొంతు ఒక్కసారి గాల్లోకి లేచి, దేన్నో దాటుకుని వెళ్ళి, అక్కడెవరినో చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆటోలో కూర్చుని వింటున్న తవిటినాయుడు హ్యాండిలు వదిలేశాడు. అది అతని 'రే'. అతనిదే. ఇరవై ఏళ్ళు మలుపులో నిలబడి పార్వతీపురం మనుషుల్ని పిలిచిన గొంతు ఇప్పుడు రాగంలో ఉంది. కళ్ళు తుడుచుకుని, పాట వెనక్కి తిప్పి, సాయంత్రం దాకా అదే ముక్క విన్నాడు.

ఇరవై రెండున బడి మైదానంలో షామియానా వేశారు. వచ్చినవాళ్ళు విసుగుపడకూడదని కంపెనీవాళ్ళే మైకుల వ్యాను తెప్పించి, ఊరి అభిమానం సంగతి తెలుసుకుని మరీ, కొత్త 'ఏడో ఊయల' పెట్టించారు. మూడు వందల పదకొండు మందీ తమ గొంతులు విందామని ముందే వచ్చి కుర్చీలు పట్టుకున్నారు. అధికారి పెద్దమనిషి, ఓపికగలవాడు. పాట ఆపమనలేదు, కొంచెం తగ్గించమన్నాడు.

"కొండ ఇవ్వడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అనడిగాడు.

పారమ్మ లేచింది. గెడ్డ ఎండిపోతుందని చెప్పింది. రాయి పేలిస్తే గోడలు పగులుతాయని చెప్పింది. పిల్లలు గెడ్డ దగ్గరే ఆడుకుంటారని చెప్పింది. పాటకంటే గట్టిగానే చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు.

"మిగతావాళ్ళు ఏమంటారు?"

మిగతావాళ్ళు అడ్డంగా తలలూపారు. వద్దని, ఒప్పుకోబోమని, మూడు వందల పదకొండు తలలు కుడికీ ఎడమకీ ఊపారు. అధికారి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. పాట మంచి ఊపులో ఉంది. బాగున్న పాటకి తెలుగువాడు తల ఎలా ఊపుతాడో ఆయనకి తెలుసు. గుమాస్తా తాళం కూడా సరిచూసి, తలలు తాళంలోనే ఊగుతున్నాయని ధ్రువపరిచాడు.

తవిటినాయుడు కుర్చీ మీంచి లేచాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మైకులో అయిదో పాట రెండో చరణం చివరికి వచ్చింది. అతని గొంతు షామియానా దాటి, బడి దాటి, కొండకి తగిలి, తిరిగి మైదానంలోకి వచ్చింది. జనం అతని వైపు తిరిగి మెచ్చుకోలుగా చూశారు. తను చెప్పాల్సింది చెప్పేసినట్టే అనిపించి, అతను నోరు మూసుకుని కూర్చున్నాడు.

అభ్యంతరం ఒకటి, పాటకి తలలూపినవారు మూడు వందల పదకొండు అని రికార్డులో రాశారు. రెండోరోజే అనుమతి కాయితం వచ్చింది. అందులో ఏడో షరతు: పేలుడుకి ముందు సైరన్ ఉండదు కాబట్టి గ్రామస్థులు ఒకరినొకరు కేకలు వేసి హెచ్చరించుకోవలెను. మొదటి పేలుడు సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి.

ఆదివారం పేపరొచ్చింది. శేషశయనం మళ్ళీ రాశాడు. తన మాట మన్నించి ఆల్బం మళ్ళీ పాడినందుకు వకుళని మెచ్చుకున్నాడు. నాలుగున్నర నక్షత్రాలిచ్చాడు. ఆ అర నక్షత్రం ఎందుకు తగ్గించాడో కూడా దాచుకోలేదు. మూడో పాటలో ఒక్కచోట గొంతు కాస్త నీళ్ళగా ఉందన్నాడు.

సాయంత్రం పారమ్మ ముంగిట్లో మూడు వందల పదకొండు మందీ నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. సగం దూరంలో ఆగిపోయిన పని ముగించడానికి వచ్చినవాళ్ళ నిబ్బరం ఉంది. జగ్గునాయుడు వేణ్ణీళ్ళతో కడిగిన క్యాను గడప ముందు పెట్టి మూత తీశాడు. తవిటినాయుడు పిల్లల పలక ఎత్తి పట్టుకున్నాడు. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసుంది: 'అర నక్షత్రమే. నీ ఒక్కదాని వల్లే ఆగింది.'

పారమ్మ పలక చదివింది. క్యానులోకి వంగి చూసింది. తలెత్తి మొగుణ్ణి చూసింది, అతని వెనకున్న ఊరిని చూసింది.

"రేపు ఎనిమిదింటికి కొండ పేలుద్ది. గెడ్డకాడ పిల్లల్ని కేకేసి పిలవడానికి ఊళ్ళో పెద్దోళ్ళలో ఉన్నది నాదొక్కటే గొంతు. దాన్నీ పట్టుకెళ్ళిపోండి. మరి పిలిసేదెవులు? నువ్వు పిలుస్తావా, మీ వకుళ వచ్చి పిలుస్తాదా?"

క్యాను మీద మూత ఎవరూ పెట్టలేదు, ఆమె వంగుతుందని ఇంకా చూస్తున్నారు.