రిలే జట్టు మౌనవ్రతం

ఆటవస్తువుల షాపు యజమాని ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా సులువైనది. బావమరిదిని మైదానంలో దింపడం, వచ్చి షాపు తెరవడం. మర్నాడే రిలే పోటీ. బావమరిది జట్టులో చివరి పరుగు వాడు, అందరూ ‘గుర్రం’ అంటారు. గెలిస్తే పెద్ద జట్టులో చోటు, ఉండటానికి హాస్టలు. అతను హాస్టలుకు పోతే బావగారి హాల్లో సోఫా ఖాళీ.

గుర్రం టిఫిన్ ముట్టలేదు. పిలిస్తే పలకలేదు.

“ఏవండీ, మా తమ్ముణ్ణి ఏమన్నారు?” అంది భార్య వంటింట్లోంచి.

“నేనేమన్నానే! గుడ్ మార్నింగ్ కూడా అనలేదు.”

“ఊరికే అలుగుతాడా? సోఫా సంగతి ఎత్తుంటారు. మీ నోరు నాకు తెలీదూ!”

ఎత్తలేదు. ఎత్తని మాటకు నింద పడటమంటే కొనని సరుకుకు బిల్లు రావడమే. విసుగ్గా స్కూటర్ తీశాడు. మలుపు తిరిగాక వెనకనుంచి గుర్రం మూలిగాడు.

“బావా, పన్ను సలిపేస్తోంది. మాస్టారికి చెప్పకు, తీసేస్తారు.”

పోటీ ముందు ఒంట్లో బాగాలేదన్నవాణ్ణి కోచ్ మాస్టారు మారుమాట లేకుండా పక్కన పెడతారు. అది ఆయన నియమం.

“మాత్ర వేసుకుని చావరాదుట్రా!”

“ఏ మాత్రలో ఏముంటుందో! డోపింగ్ పరీక్షలో దొరికితే అసలుకే మోసం.”

మైదానంలో మాస్టారు ఎదురొచ్చారు. “ఏరా గుర్రం, కాళ్లెలా ఉన్నాయి?”

నోరు తెరిస్తే మూలుగొస్తుందని గుర్రం వంగి బూటు లేసు కట్టుకోసాగాడు.

“పొగరా? పెద్ద జట్టు కబురు రాకముందే నాతో మాటలు మానేశావా?”

చోటు చేజారేలా ఉంది. పాత స్టాకును కొత్తదని అమ్మిన చెయ్యి కదా, బావ అందుకున్నాడు. “మౌనవ్రతం మాస్టారూ! పోటీ అయ్యేదాకా మనసు చెదరకూడదని.”

మాస్టారి కళ్లు చెమర్చాయి. “చూశార్రా! దీక్షంటే అదీ. ఇవాళంతా జట్టు జట్టంతా మౌనం. నోరు విప్పినవాడు ఇంటికే!”

మిగిలిన ముగ్గురూ క్షణంలో తలలూపారు. బావకు అప్పుడే అనుమానం రావలసింది. బేరమాడకుండా సరుకు పట్టుకుపోయే గిరాకీని ఏ వ్యాపారీ నమ్మకూడదు.

రిలేలో కర్ర అందిస్తూ వెనకనుంచి వచ్చేవాడు “పట్టు!” అని కేకేస్తాడు. ముందువాడు తిరిగి చూడకుండా చెయ్యి వెనక్కి చాస్తాడు. ఆ రోజు కేక లేదు. కేక వినపడక గుర్రం తల తిప్పి చూశాడు. మూడోవాడి కర్ర సరిగ్గా దవడకు తగిలింది. గుర్రం పెట్టిన గావుకేకకు మైదానమంతా ఆగిపోయింది.

“కేకెయ్యాలి కదరా వెధవా!” అన్నారు మాస్టారు.

మూడోవాడు నోటిమీద వేలు పెట్టి చూపించాడు.

బుగ్గ బూరెలా పొంగింది. దెబ్బ గట్టిదనుకుని మాస్టారు బావతో సహా అందర్నీ వెంటేసుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారు.

“ఇది దెబ్బ కాదు,” అందావిడ అద్దం పెట్టి చూసి. “చీము పట్టి చాన్నాళ్లయింది. రోజంతా ఏం తాగుతావు బాబూ?”

గుర్రం సంచిలోంచి శక్తి పానీయం సీసా తీశాడు.

“ఈ పులుపూ తీపీ గుక్కగుక్కగా చప్పరిస్తూ, ఎండిన నోటితో పరిగెడితే పళ్లుంటాయా? ఎవరమ్ముతారయ్యా నీకిది?”

జట్టంతా బావవైపు తిరిగింది. బావ గోడమీది గడియారం వైపు తిరిగాడు.

మాస్టారు ఎగిరిపడ్డారు. “అయితే పన్ను నొప్పా? వ్రతం కాదా? నువ్వు రేపు పరిగెత్తవు, పో!”

“మాస్టారూ,” అన్నాడు మూడోవాడు నెమ్మదిగా, “నాకూ ఈ పక్క...”

రెండోవాడు వాచిన చిగురు చూపించాడు. మొదటివాడు అడక్కుండానే కుర్చీ పక్కన వరసలో నిలబడ్డాడు.

“ఓరి మీ... మరి మౌనం అనగానే అంత సంబరపడ్డారేంరా?”

“నోరు మూసుకుంటే చల్లగాలి తగలదని, సార్.”

డాక్టరమ్మ చీము తీసి, డోపింగ్ పరీక్షలో ఇబ్బంది లేని మందే రాసి, నలుగురూ పరిగెత్తవచ్చంది. నొప్పి ఉన్నవాణ్ణి పక్కన పెట్టాలనే నియమాన్ని మాస్టారు అక్కడికక్కడే రద్దు చేశారు. లేకపోతే మర్నాడు నాలుగు పరుగులూ ఆయనే పరిగెత్తాలి. జట్టుమొత్తంలో పన్ను నొప్పి లేనిది ఆయనొక్కరికే, అవి కట్టుడు పళ్లు.